దరఖాస్తు తేదీ

తెలంగాణ హైకోర్టు హైదరాబాద్ పాతబస్తీలోనే ఉంది. 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం ప్రారంభించిన ఆ గులాబీ గ్రానైటు, ఎర్ర ఇసుకరాతి కట్టడం మూసీకి ఈ గట్టున ఉంటే, నయాపూల్ అవతల ఉస్మానియా పెద్దాసుపత్రి ఉంది. కాస్త లోపలికి వస్తే పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు, ఆ ఆవరణలోనే పేదలకు ఉచితంగా వకీలును పెట్టించే రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ. చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేట నల్గొండ చౌరస్తాకు పోతే వికలాంగుల సంక్షేమ భవన్. తన పింఛను తాను సాధించుకోవడానికి ఒక పాతబస్తీ వికలాంగుడికి కావలసిన సర్కారు గుమ్మాలు చాలావరకు నాలుగైదు కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. ఆదిలాబాద్ అడవి పల్లెలోనో నల్లమల పెంటలోనో ఉండే మనిషికి ఈ అదృష్టం లేదు. అయినా ఇక్కడ కూడా పింఛను కోసం ఏళ్ల తరబడి కాచుకునే వాళ్లున్నారు. కాబట్టి దీన్ని దూరం మీదికి నెట్టేయడానికి లేదు. సమస్యంతా కాలంతోనే, ఆ పోయిన కాలాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నామన్న దానితోనే. నేను చెప్పదలచింది ఒక్కటే. పింఛను మంజూరు తేదీ నుంచి కాదు, దరఖాస్తు తేదీ నుంచి లెక్కకట్టాలి. ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కలపాలి. ఈ రెండూ అడగకుండా వేసిన కేసు గెలిచినా సగమే గెలిచినట్టు.

పింఛను గురించి మన దగ్గర జరిగే చర్చంతా ఎంత అన్నదాని మీదే. కేంద్రం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టిన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంలోకి వైకల్య పింఛను 2009లో గానీ రాలేదు. అదీ ఎనభై శాతం వైకల్యమున్న నిరుపేదలకే, ఎనభై ఏళ్లు దాటనివారికి నెలకు ఇప్పటికీ 300 రూపాయలే. మిగతా బరువంతా రాష్ట్రాలది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పేరుతో 1500 రూపాయలతో మొదలై, 2019లో 3016, 2023లో 4016 అయింది. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ 6000 ఇస్తానంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలోనే 6000 చేతికొచ్చింది. ఎమ్మార్పీఎస్ నాయకుడు మంద కృష్ణ మాదిగ అండతో వికలాంగుల హక్కుల పోరాట సమితి ఆ అంకె కోసం సభలు పెట్టింది, రోడ్డెక్కింది. అడగవలసిన మాటే. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. 4016 చొప్పున మూడేళ్లు మంజూరు ఆలస్యమైతే పోయేది 1,44,576 రూపాయలు. రేపు పింఛను 6000 అయిందనుకుందాం. నెలకు పెరిగేది 1984. ఆ పెరుగుదలతో పాత నష్టం పూడాలంటే ఆరేళ్లు దాటాలి. అంటే అంకె పెంచినంత మాత్రాన తేదీ చేసిన గాయం మానదు. అంకె మీద ఎన్నికలు జరుగుతాయి, తేదీ మీద జరగవు. అందుకే పాలకులకు అంకె పెంచడం కన్నా తేదీ జరపడం తేలిక.

తేదీ ఎలా జరుగుతుందో చూడాలంటే 2022 ఆగస్టు 15 గుర్తుచేసుకోవాలి. ఆ రోజు నుంచి పది లక్షల కొత్త పింఛన్లని తెలంగాణలో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఎవరికైనా సంతోషమే. అయితే ఆ పది లక్షల మందీ ఆ పంద్రాగస్టు పొద్దునే అర్హులు కాలేదు కదా. ఒకరికి కాలు పోయి నాలుగేళ్లు, ఒకరికి చూపు పోయి ఏడాది, ఒకరికి సర్టిఫికెట్ చేతికొచ్చి రెండు నెలలు. వీళ్లందరి అర్హతనూ ఒకే తేదీకి కట్టేశారు. ఆ తేదీ ప్రభుత్వానికి వీలైన తేదీ. ప్రభుత్వం మారాక 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. కోటికి పైగా వచ్చాయి. అంతకుముందు మీసేవలో ఇచ్చినవాళ్లు కూడా మళ్లీ బారులు తీరారు, పాత దరఖాస్తుకు విలువుందో లేదో చెప్పే దిక్కు లేక. కొత్త దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ పాత తేదీ మీద మట్టి పడుతుంది. అసలు ఆ మనిషి చేతిలో ఉండే కాగితాలు చూడండి. ఒక ప్లాస్టిక్ కవరు. అందులో వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ జిరాక్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, రెండు ఫొటోలు, మీసేవ రసీదు. మిగతావన్నీ ఆ మనిషి ఎవరో చెబుతాయి. ప్రభుత్వం ఎప్పటి నుంచి బాకీ పడిందో చెప్పేది ఆ రసీదు ఒక్కటే. రిట్ వేద్దామని వకీలు దగ్గరికి పోతే ఆయన ముందుగా అడిగేది కూడా అదే, అర్జీ ఇచ్చినట్టు ఇన్‌వార్డ్ ముద్ర ఉందా అని.

ఆలస్యం ఎవరు చేశారన్నదాన్ని బట్టి మన చట్టంలో ఫలితం మారిపోతుంది. పౌరుడు ఆలస్యం చేస్తే ఏమవుతుందో తర్సేమ్ సింగ్ కేసు చెబుతుంది. వైద్య కారణాలతో 1983లో సైన్యం నుంచి బయటికి పంపిన జవాను వైకల్య పింఛను కోసం పదహారేళ్ల తర్వాత కోర్టుకెక్కాడు. పింఛను ఆగడం నెలనెలా జరిగే తప్పు కాబట్టి కేసు చెల్లుతుందని 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, కానీ బకాయి మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే కుదించింది. ఆలస్యంగా లేచావు గనుక మిగతాది పోగొట్టుకున్నావన్న మాట. సరే, ఒప్పుకుందాం. కోర్టు ధిక్కారం సంగతి చూద్దాం. ఉత్తర్వు అమలు కాకపోతే ఏడాది లోపల ధిక్కార పిటిషన్ వేయాలి, ఏడాది దాటితే చట్టం చెవిన పెట్టదు. అదీ పౌరుడి మీదే. ఇక కార్యాలయం ఆలస్యం చేస్తే? 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం వైకల్య సర్టిఫికెట్ నెల రోజుల్లో ఇవ్వాలి. ఆ గడువు పాటించని అధికారికి ఏమీ కాలేదు. 2024 అక్టోబరులో గడువునే మూడు నెలలు చేశారు. అంతటితో ఆగలేదు. వైద్యాధికారి రెండేళ్లు దాటినా తేల్చకపోతే ఆ దరఖాస్తు చెల్లకుండా పోతుందట, మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలట. అధికారి తేల్చనందుకు అర్జీదారు దరఖాస్తు రద్దు! ఇది రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఎవరి ఆలస్యానికి ఎవరు మూల్యం చెల్లించాలో ఇంత సూటిగా ఇంకెవరూ రాయలేదు.

దరఖాస్తు తేదీ నుంచి, వడ్డీతో ఇవ్వాలన్నదానికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఉద్యోగి పింఛను వేరు, సామాజిక పింఛను వేరు. మొదటిది సంపాదించుకున్నది, రెండోది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. దయకు వడ్డీ అడగడమేమిటి? పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదని 1982 డిసెంబరులో నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట నిజమే గానీ, ఆ తీర్పు రిటైరైన ఉద్యోగుల గురించి. దాన్ని యథాతథంగా తెచ్చి ఆసరాకు అతికించడం నిజాయితీ అనిపించుకోదు. కానీ వికలాంగుల విషయంలో అతికించాల్సిన అవసరమే లేదు. రాజ్యాంగం 41వ అధికరణం ప్రజా సహాయం గురించి చెబుతూ నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యంతో పాటు వైకల్యాన్ని పేరుపెట్టి చెప్పింది. అది ఆదేశిక సూత్రం, కోర్టులో నేరుగా అమలు కాదు. ఆ లోటు 2016 చట్టం 24వ సెక్షన్ తీర్చింది. వికలాంగులు తగిన జీవన ప్రమాణంతో బతికేందుకు ప్రభుత్వం పథకాలు పెట్టి తీరాలని, ఇతరులకిచ్చే అలాంటి సాయం కన్నా అది కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని ఆ సెక్షన్ అంటుంది. వృద్ధులకు 2016 రూపాయలు, వికలాంగులకు 4016 అన్న తేడా ఇవాళ ఏ ముఖ్యమంత్రి మంచితనమో కాదు, ఆ తేడా ఉండాలన్నది పార్లమెంటు చేసిన చట్టం. చట్టం కట్టిన బాకీని దయ అనడం కుదరదు.

ఆ సెక్షన్‌లోనే ప్రభుత్వ న్యాయవాదులు పట్టుకునే మాట ఒకటుంది. ఇదంతా ఆర్థిక స్తోమతకు లోబడి అని రాసి ఉంది. ఖజానా ఖాళీ అన్న వాదన అక్కడి నుంచే పుడుతుంది. నా ఉద్దేశంలో ఆ మాట పథకం ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికి వర్తిస్తుంది, పెట్టిన పథకంలో అర్హుడని తేలిన మనిషికి ఎప్పుడివ్వాలన్నదానికి వర్తించదు. నాలుగు వేలివ్వలేనంటే మూడు వేలని ప్రకటించు, శాసనసభలో సమాధానం చెప్పుకో. నాలుగు వేలని ప్రకటించి మూడేళ్లు ఆపితే అది చెప్పకుండా చేసిన కోత. ఖజానా కష్టం ఆలస్యానికి సమాధానం కాదని చెప్పడానికి మన తెలుగు రాష్ట్రాల్లోనే ఒక కేసుంది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేసింది. రిటైరైన జిల్లా జడ్జి దినవహి లక్ష్మీ కామేశ్వరి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆపిన సొమ్ము 12 శాతం వడ్డీతో ఇవ్వమంది హైకోర్టు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది తప్ప తీసేయలేదు. ప్రభుత్వాన్ని దండించడానికి కాదు, ఒకరి సొమ్ము ఆపి వాడుకున్నందుకు వడ్డీ ఇవ్వాలి, అంతే అన్నది ఆ తీర్పు సారం. ఇక్కడ హైదరాబాద్‌లో కూడా అలాగే కోత పెట్టి, ఏ చట్టం కింద పెట్టారని మన హైకోర్టు అడిగాక, 2020 జూన్‌లో హడావిడిగా ఆర్డినెన్సు తెచ్చుకున్నారు. అడిగేవాడుంటే ప్రభుత్వం చట్టం వెతుక్కుంటుంది. రిటైరైన ఉద్యోగికి కొన్ని నెలల ఆలస్యానికి ఆరు శాతం న్యాయమైతే, జీతమే ఎరగని వికలాంగుడికి మూడేళ్ల ఆలస్యానికి సున్నా శాతం ఏ న్యాయం? అదే ఆరు శాతంతో ముందు చెప్పిన మూడేళ్ల బకాయికి సాధారణ వడ్డీ కడితే పన్నెండు వేల ఆరువందల పైచిలుకు వస్తుంది. రాష్ట్రం దివాలా తీసే అంకె కాదది. ఒక బేగంబజార్ వ్యాపారి చేబదులుకు ఇంతకన్నా ఎక్కువ అడుగుతాడు.

మరి కోర్టుకు పోతే ఏం వస్తుంది? ఇక్కడ నేను పొగడదలచుకోలేదు. రిట్ పిటిషన్ విచారణకు వస్తుంది. ప్రభుత్వం తరఫున జీపీ, అంటే ప్రభుత్వ ప్లీడరు, లేచి నోటీసు తీసుకుంటారు. అర్జీ పెండింగులో ఉందని అటూ ఇటూ ఒప్పుకుంటారు. కేసు లోతుల్లోకి పోకుండా, ఆ అర్జీని చట్ట ప్రకారం పరిశీలించి ఇన్ని వారాల్లో తగిన ఉత్తర్వులివ్వండని ఆదేశించి అడ్మిషన్ దశలోనే ముగించేస్తారు. కేసుల భారం మోసే న్యాయమూర్తికి ఇది సులువు, ప్రభుత్వానికి ఇంకా సులువు. వకీలు తన కక్షిదారుకు ఆర్డరొచ్చిందని చెబుతాడు. వచ్చింది ఏమిటి? పరిశీలించమన్న ఆదేశం. ఇవ్వమని కాదు, పాత తేదీ నుంచి ఇవ్వమని అసలే కాదు. పూర్వం దెయ్యాన్ని పంపించడానికి తలుపుల మీద రేపు రా అని రాసుకునేవాళ్లు. కార్యాలయం నోటితో చెప్పే అదే మాటకు ఇక్కడ కోర్టు ముద్ర పడుతుంది. తహసీల్దార్ పరిశీలిస్తాడు, ప్రభుత్వం నుంచి కొత్త మంజూరీలకు అనుమతి రాలేదని రాసి సంతకం పెడతాడు, ఉత్తర్వు అమలైపోయినట్టే. ధిక్కారానికి కూడా తావుండదు. ధిక్కారం పళ్లులేనిదని కాదు. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు జైలు శిక్ష వేసి, క్షమాపణ చెప్పాక దాన్ని నెలకో ఆదివారం సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది. అక్కడ ఉత్తర్వు స్పష్టంగా ఉంది, అందుకే శిక్ష పడింది. అస్పష్టమైన ఉత్తర్వును ధిక్కరించడం ఎవరి తరమూ కాదు. తప్పంతా జడ్జీలదే అననక్కర్లేదు. పిటిషన్ చివర ప్రార్థన అని రాసే భాగంలో ఏం అడిగారన్నది చూస్తే, చాలాసార్లు అడిగిందే అంత. దరఖాస్తు తేదీ నుంచి, వడ్డీతో అన్న ముక్క అడగనే అడగలేదు.

అడిగితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూపించింది. అక్కడి ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో 1990ల చివర, 2000ల మొదట్లో వైకల్య పింఛను దరఖాస్తులు మన దగ్గరలాగే బీరువాల్లో మురిగిపోయాయి. 2001లో మహంబెహ్లాలా అనే ఆమె కేసులో కోర్టు, ఇలాంటి దరఖాస్తు తేల్చడానికి మూడు నెలలు చాలని, అంతకు మించిన కాలానికి ప్రభుత్వం వడ్డీతో చెల్లించాలని అంది. తర్వాత కేట్ కేసు. ఆమె దరఖాస్తు నలభై నెలలకు గానీ మంజూరు కాలేదు. పాత సొమ్ము ఇచ్చారు సరే, ఇన్నేళ్లు ఆపినందుకేం ఇస్తారన్నది ప్రశ్న. 2006లో అక్కడి సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్, హక్కును భంగపరిచినందుకు వడ్డీకి సమానమైన పరిహారం ఇవ్వమంది. ఇప్పుడిస్తున్నాం కదా, ఇంకేం కావాలి అన్న వాదనను ఒప్పుకోలేదు. నాకు ఆ తీర్పులో నచ్చేది ధర్మోపన్యాసం లేకపోవడం. ఆకలికి ఖరీదు కట్టలేమని గొంతు జీరపోయేలా చెప్పి వదిలేయకుండా, కట్టగలిగిన ఖరీదు కట్టింది.

ఇక్కడే రెండో అభ్యంతరం వస్తుంది, అదీ దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది. కోర్టుకెక్కినవాడి ఫైలు ముందుకు జరుగుతుంది, కోర్టు గడప తొక్కలేని వాడిది ఇంకా వెనక్కి పోతుంది. ఇది న్యాయమా, వరుస తప్పించడమా? ఊరికే అన్న మాట కాదిది. 2004లో వుమజోంకే కేసులో జడ్జి ప్లాస్కెట్, ఒక్క రోజు కోర్టు జాబితాలోనే వందకు పైగా ఇలాంటి పింఛను కేసులున్నాయని లెక్కపెట్టి మరీ రాశాడు. ఉత్తర్వు మీద ఉత్తర్వు ఇస్తున్నాం, కేసు వేసినవాడికి వస్తోంది, శాఖ మాత్రం మారడం లేదని వాపోయాడు. ఆ శాఖ పని చేయడం కన్నా కేసుల ఖర్చులు కట్టుకోవడానికే అలవాటు పడిపోయింది. దీనికి సమాధానం కేసులు మానుకోవడం కాదు, అందరి తరఫునా ఒక కేసు వేయడం. అదే రాష్ట్రంలో దొంగ పింఛన్లు ఏరేస్తామని వేలాది మంది వైకల్య పింఛన్లు ఒక్కసారిగా ఆపి, మళ్లీ దరఖాస్తు పెట్టుకోండన్నప్పుడు, ఙ్ఖుజా కేసులో 2001లో కోర్టులు బాధితులందరి పేరా సామూహిక దావాకు ఒప్పుకున్నాయి. చివరికి రాష్ట్రాల చేతుల నుంచి ఆ పని తీసేసి, 2006 నుంచి దేశమంతటికీ ఒకే సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ కూడా స్వర్గమేమీ కాలేదు, అది వేరే కథ.

అందరి కోసం ఒక కేసు వేసే ఈ దారి మన పాతబస్తీకీ కొత్త కాదు. సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఒక శాఖ సమాచారాన్ని ఇంకో శాఖ సమాచారంతో కలిపి, ఈ మనిషికి కారుంది, ఈ మనిషి పేదవాడు కాదు అని తేల్చుతుంది. పేరులో పేరు కలిసి పక్కవాడి కారు వీడి ఖాతాలో పడినా దానికి తెలియదు. ఆ లెక్కలు నమ్మి తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు నోటీసు కూడా ఇవ్వకుండా రద్దు చేశారు. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కితే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. ఒక్క మనిషి వేసిన కేసు, లక్షల ఇళ్లకు తనిఖీ. వరుస తప్పించడం అంటే ఇదా? రేషన్‌కు పనికొచ్చిన ఈ పద్ధతి పింఛనుకు ఎందుకు పనికిరాదు? ఫలానా అతని పింఛను ఇప్పించండి అని కాకుండా, ఈ జిల్లాలో సర్టిఫికెట్ ఉండి మూడు నెలలు దాటి పెండింగులో ఉన్న వైకల్య దరఖాస్తుల జాబితా తేదీలతో సహా కోర్టు ముందు పెట్టించండి అని అడగాలి. ఆ జాబితా ఒక్కటి బయటికొస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే ఇప్పుడు ప్రభుత్వానికి తప్ప ఎవరికీ ఆ తేదీలు తెలియవు.

దొంగ సర్టిఫికెట్ల మాట ఎత్తనిదే ఈ చర్చ ముగియదు. ఉన్నాయి, కాదనను. నలభై శాతం దాటితే పింఛను, వినికిడి లోపానికైతే యాభై ఒకటి, అని గీత గీసినప్పుడు ఆ గీత చుట్టూ దళారులు మూగుతారు. దానికే సదరం పెట్టారు, ఇప్పుడు దాని స్థానంలో కేంద్రం తెచ్చిన యూడీఐడీ గుర్తింపు కార్డు వచ్చింది. కానీ తనిఖీ వేరు, ఆలస్యం వేరు. తనిఖీ అంటే ఒక డాక్టర్ ఒక మనిషిని ఒక రోజు చూసి ఒక అంకె రాయడం. అందుకు మూడేళ్లు ఎందుకు? మూడేళ్లు ఆపినంత మాత్రాన దొంగ సర్టిఫికెట్ అసలుది కాదు, అసలు వైకల్యం దొంగది కాదు. పైగా దొంగకు ఆగే ఓపిక, ఆపాల్సిన చోట చెయ్యి తడిపే స్తోమత ఉంటాయి. ఆలస్యంలో జారిపోయేది అసలు మనిషే. 2025లో ఆంధ్రప్రదేశ్ వైకల్య పింఛన్లను తిరగదోడి, శాతం తగ్గిందని పెద్ద ఎత్తున నోటీసులిచ్చింది. ఆందోళనలు రేగాక, అప్పీలు చేసుకున్నవారికి తేలేదాకా పింఛను ఆపబోమంది. ముందే చేయాల్సిన పని అది. అనుమానం తేలేదాకా ఇస్తూ ఉండటం, తేలాక దొంగ నుంచి రాబట్టడం ప్రభుత్వం చేతిలో పని. తేలేదాకా ఆకలితో ఉండి, తర్వాత ఆ ఆకలిని రాబట్టుకోవడం మనిషి చేతిలో పని కాదు. ఇక వేలిముద్ర పడక, కళ్లు ఆర్పమంటే ఆర్పలేక కంప్యూటర్ ముందు ఓడిపోయేవాళ్ల సంగతి 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. యాసిడ్ దాడిలో ముఖం కోల్పోయినవారికి, చూపులేనివారికి వేరే దారి చూపడం సంస్థల బాధ్యతేనంది.

పాతబస్తీలో ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది, పుస్తకాల్లో కనిపించనిది. కోర్టెందుకు భాయ్, లీడర్ ఫోన్ చేస్తే పని అయిపోతుంది కదా? మజ్లిస్ పార్టీ కార్యాలయం దారుస్సలాంలో ఎమ్మెల్యేలు కూర్చుని అర్జీలు తీసుకుంటారు, అక్కడికక్కడే అధికారికి ఫోన్ కలుపుతారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది, ప్రజాభవన్‌లో వారానికి రెండు రోజుల ప్రజావాణి ఉంది. వీటిని చిన్నచూపు చూడటం బాగా చదువుకున్నవాళ్ల జబ్బు. ఫోనుతో పని అవుతుంది, కోర్టు కన్నా తొందరగా అవుతుంది, వకీలు ఫీజు లేకుండా అవుతుంది. కానీ ఆ ఫోను ఇవాళ్టి నుంచి పింఛను ఇప్పించగలదు, నిన్నటిది ఇప్పించలేదు. ఏ ఎమ్మెల్యే ఫోనుకూ బకాయి మీద వడ్డీ రాదు. అంతకన్నా పెద్ద తేడా, ఫోనుతో వచ్చిన పింఛను ఫోను చేసినాయన ఇచ్చినట్టు అవుతుంది. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆయన గుర్తుచేస్తాడు, గుర్తుచేయకపోయినా ఇంట్లోవాళ్లు గుర్తుంచుకుంటారు. ఫోను చేయించుకోవడం మానమని నేననను. ఫోను చేసినా ఇన్‌వార్డ్ ముద్ర మాత్రం వేయించుకోండి అంటాను.

ఖర్చుకు భయపడి కోర్టుకు పోనివాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయ పరిమితి కూడా అడ్డు రాదు. పురానీ హవేలీకి పోయి కాగితం ఇస్తే వకీలును పెట్టించాలి. 2016 చట్టం కింద రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలు ఆయనకూ ఉన్నాయి. ఆయన చేసిన సిఫార్సు మీద మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, లేదా ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. ఆ కారణం రాతపూర్వకంగా చేతికొస్తే రిట్‌కు అంతకన్నా మంచి ఆధారం ఉండదు. ఇక హైకోర్టే పాతబస్తీని వదిలి పోబోతోంది. 2024 మార్చి 27న రాజేంద్రనగర్ దగ్గర వంద ఎకరాల్లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. పాత భవనం ఇరుకే, పోక తప్పదేమో. మదీనా చౌరస్తా నుంచి మూడు చక్రాల బండి మీద హైకోర్టుకు చేరగల మనిషికి రేపు ఆటో ఛార్జీ ఎంతవుతుందో ఎవరైనా లెక్క వేశారా అన్నది నా అనుమానం.

చివరికి మిగిలే చిక్కు ప్రశ్న, ఆ వడ్డీ ఎవరి జేబు నుంచి? 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, పౌరుణ్ణి వేధించినందుకు పరిహారం ముందు ప్రజాధనం నుంచి ఇచ్చి, తర్వాత బాధ్యుడైన అధికారి నుంచి రాబట్టమంది. వినడానికి ఎంతో బాగుంటుంది, చప్పట్లు కూడా పడతాయి. పింఛను విషయంలో మాత్రం నాకది సరైన మందులా కనిపించదు. లంచం కోసం ఫైలు తొక్కిపట్టినవాడి సంగతి వేరు, వాడి జీతంలో కోయాల్సిందే. కానీ బహదూర్‌పురాలోనో బండ్లగూడలోనో తహసీల్దార్ దగ్గర దరఖాస్తులు ఆగడానికి చాలాసార్లు కారణం ఆయన కాదు. కొత్త మంజూరీలకు పచ్చజెండా ఊపాల్సింది సచివాలయం, నిధులు వదలాల్సింది ఆర్థిక శాఖ. కింది అధికారి జీతం కోస్తే ఆయన చేసేది ఒక్కటే, దరఖాస్తు తీసుకోవడమే మానేస్తాడు, ఇన్‌వార్డ్ ముద్ర దాచేస్తాడు. కాబట్టి వడ్డీ ఆపమన్న చోటి నుంచే రావాలి. సంక్షేమ శాఖ కేటాయింపుల్లో కలిపేస్తే ఆ మేరకు ఇంకొకరి పింఛను ఆగుతుంది. అలా కాకుండా ఆర్థిక శాఖ పేరు కింద, వైకల్య పింఛన్ల ఆలస్యానికి చెల్లించిన వడ్డీ అని బడ్జెట్ పుస్తకంలో విడిగా ఒక పద్దు ఉండాలి, మార్చిలో సభలో ఆ పేజీ తిప్పిన ఏ ఎమ్మెల్యే అయినా నిరుటి కన్నా ఇంత ఎందుకు పెరిగిందని ఆర్థిక మంత్రిని నిలబెట్టి అడిగేటట్టు.